ఎవరికి దాచాలి, ఎవరికి చెప్పాలి

జూబ్లీహిల్స్ అంటే హీరోల ఇళ్లు, షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలు, ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో గుర్తొస్తాయి. ఆ కొండల మీద మందుల కంపెనీల పెద్దాఫీసులు కూడా ఉన్నాయన్నది తక్కువమంది పట్టించుకుంటారు. రోడ్ నంబర్ 92 చిరునామాతో నడిచిన మైలాన్ లేబొరేటరీస్ వాటిలో ఒకటి. అంతకుముందు అది మాట్రిక్స్ అనే హైదరాబాదు కంపెనీ. 2017 సెప్టెంబరులో ఆ మైలాన్, ఈ ఊళ్లోనే ఉన్న అరబిందో ఫార్మా ఒక అంతర్జాతీయ ఒప్పందానికి వచ్చాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు హెచ్ఐవీ మందులు కలిసిన ఒక్క మాత్రను, రోజుకొకటి చొప్పున, మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు పేద, మధ్యాదాయ దేశాలకు ఇవ్వడం ఆ ఒప్పందం. 2000 ప్రాంతంలో హెచ్ఐవీ మందులకు ఏడాదికి పదివేల డాలర్లు పైనే అయ్యేది.

కొండ దిగితే కృష్ణానగర్, ఇందిరానగర్. తెల్లారకముందే యూనిట్ బస్సు కోసం నిలబడే జనం. వాళ్లలోనూ కొందరు ఆ మాత్ర వేసుకుంటున్నారు, గదిలో పక్క మంచం మీద పడుకునేవాడికి కూడా తెలియకుండా. కింది సంవాదంలోని ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. అక్క కాస్ట్యూమ్స్‌లో పనిచేస్తుంది, 2005 నుంచి మందు మీద ఉంది. తమ్ముడు లైట్‌మన్, మందు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ముందే చెప్పేస్తున్నాను, నాకు పక్షపాతం ఉంది: మందు విషయంలో అక్క వైపు, పని విషయంలో తమ్ముడి వైపు.

తమ్ముడు: అక్కా, రిపోర్టు చూడు. వైరల్ లోడ్ ఏమీ లేదంట. ఇంకెందుకీ మాత్ర? ఈ బాటిల్ అయిపోగానే మానేద్దామనుకుంటున్నా.

అక్క: ఆ రిపోర్టు అలా రావడానికి కారణమే మాత్ర కదరా. రక్తంలో తిరిగే వైరస్‌ని అది అణిచి ఉంచింది. కొన్ని కణాల్లో దాక్కున్నది అలాగే ఉంటుంది, దాన్ని తీసేసే మందు ఇంకా రాలేదు. నువ్వు ఆపు, కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది.

తమ్ముడు: లేస్తే మళ్లీ మొదలెడతా. మాత్రెక్కడికి పోతుంది?

అక్క: మాత్ర ఉంటుంది, పనిచెయ్యకపోవచ్చు. నాలుగు రోజులు వేసుకుని మూడు రోజులు మానేశావనుకో, మందు పల్చగా ఉన్న ఒంట్లో వైరస్ పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడే మందుకి లొంగని రకం తయారవుతుంది. లామివుడిన్‌కి లొంగకపోవడం చాలా తొందరగా వస్తుంది. డోలుటెగ్రావిర్ గట్టి మందే, అయినా దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఆడుకోవద్దు. ఇంకోటి, నీకు హెపటైటిస్ బీ ఉందా?

తమ్ముడు: అదేంటి మధ్యలో?

అక్క: చూపించుకున్నావా అంటున్నా. ఈ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బీ మీద కూడా పనిచేస్తాయి. అది ఉన్నవాడు ఉన్నట్టుండి మాత్ర ఆపితే లివర్ వాచి ప్రాణం మీదికి రావొచ్చు. అందుకే ఆపడం అనేది నీకు నువ్వు తీసుకునే నిర్ణయం కాదు.

తమ్ముడు: నువ్వు పాతకాలం మనిషివక్కా. భయం నీ ఒంట్లో ఉంది. నేను చిన్నప్పుడు రోడ్డు మీద బోర్డులు చూశా, ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని. ఊరంతా నవ్వుకునేది. ఇప్పుడు పులిరాజాని నేనే.

అక్క: ఆ బోర్డులు పెట్టేనాటికి మందు కొనుక్కునే దిక్కు లేక జనం పోయేవాళ్లు. 2004 ఏప్రిల్‌లో గవర్నమెంటు ఉచితంగా ఇవ్వడం మొదలెట్టింది. అప్పుడు కూడా రోగాన్ని తట్టుకునే సీడీ4 కణాల లెక్క రెండొందల కిందికి పడితేగానీ ఇచ్చేవాళ్లు కాదు. నాకిచ్చిన మందులో స్టావుడిన్ ఉండేది. అరికాళ్లలో మంటలు, బుగ్గలు పీక్కుపోవడం. మేకప్‌రూములో అందరికీ నా ముఖమే చెప్పేసేది. ఆ మందు తర్వాత తీసేశారు. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా, తెలిసిన వెంటనే మొదలెడుతున్నారు. నీకు దొరికింది నాకు పదిహేనేళ్ల తర్వాత దొరికింది. అది వదిలేస్తానంటే నాకు కోపం రాదా?

ఇక్కడ తమ్ముడు కాసేపు మాట్లాడలేదు అని రాయడం తేలిక. కానీ ఆ వయసు లైట్‌మన్ అంత తొందరగా తగ్గడు.

తమ్ముడు: సరే, మానను. మరి ఎప్పుడు వేసుకోమంటావ్? మందులిచ్చే సెంటర్లో చెప్పారు, రోజూ ఒకే టైముకి అని. ఒకరోజు ఆరింటికి కాల్. ఇంకోరోజు సాయంత్రం ఆరు నుంచి రెండింటిదాకా. మర్నాడు రామోజీ ఫిల్మ్‌సిటీ, నాలుగింటికే బండెక్కాలి. ఇందులో ఒకే టైమెక్కడుంది?

అక్క: పొద్దున పళ్లు తోముకున్నాక అని పెట్టుకున్నావు కదా?

తమ్ముడు: అవును. నైట్ చేసొస్తే మధ్యాహ్నం రెండింటికి లేస్తా.

అక్క: అందుకే తప్పుతోంది. పగలు షిఫ్టయినా, నైటయినా నువ్వు కచ్చితంగా మెలకువగా ఉండే వేళ ఏదో చూడు.

తమ్ముడు: (ఆలోచించి) రాత్రి తొమ్మిది. పగలు చేస్తే అప్పటికి గదికి వచ్చేస్తా. నైటయితే భోజనం బ్రేకు ఆ ప్రాంతంలోనే.

అక్క: అదే నీ టైము. గంట అటూ ఇటూ అయితే కొంప మునగదు. తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఫరవాలేదు. ఈ మందుతో కొంతమందికి నిద్ర పట్టదు, అలాగైతే డాక్టర్‌కి చెప్పి పొద్దుటికి మార్చుకో. ఫోన్‌లో అలారం పెట్టి దానికి ‘అమ్మకి ఫోన్’ అని పేరు పెట్టు. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో. మర్నాటి మాత్ర వేళ బాగా దగ్గరపడితే వదిలెయ్. రెండూ కలిపి మాత్రం మింగకు.

తమ్ముడు: ఔట్‌డోర్ వెళ్తే? పోయిన నెల వైజాగ్ అని వారం అన్నారు, మూడు వారాలుంచారు.

అక్క: వారం అంటే నెల మందు పట్టుకుపో. సినిమావాళ్ల మాట నమ్మి మాత్రలు లెక్కపెట్టేవాడుంటాడా? నీకు రిపోర్టు బాగుంది కాబట్టి మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇమ్మని అడుగు, ఇస్తారు. మరీ ఎక్కువ రోజులైతే అక్కడి సెంటర్లో ఇప్పించే ఏర్పాటు ఉంటుంది, సెంటర్లో నీకిచ్చిన ఆకుపచ్చ బుక్కు ఫొటో ఫోన్‌లో ఉంచుకో. విమానమైతే చేతిసంచిలోనే, లగేజీలో వెయ్యొద్దు.

తమ్ముడు: చేతిసంచా? నలుగురం ఒక గది. బాటిల్ గలగలమంటే చాలు, ‘ఏంట్రా అది, బలం మాత్రలా, నాకూ ఒకటివ్వు’ అంటాడు మావాడు.

అక్క: బాటిల్‌కి గుడ్డ చుట్టి పెట్టుకో, చప్పుడు తగ్గుతుంది. లేబులు పీకినా పీకు గానీ మాత్రలు కాగితంలో చుట్టి జేబులో పెట్టకు. బాటిల్లో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని తియ్యకు. లైట్ల వేడిలో, చెమటలో మాత్ర పాడవుతుంది.

తమ్ముడు: అంటే నువ్వు కూడా దాచమనే చెప్తున్నావు! ఇందాకటి నుంచి ధైర్యం చెప్తున్నావనుకున్నా.

అక్క: యూనిట్‌కి దాచు, నేనూ దాచా. ఇరవై ఏళ్లలో నా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికే తెలుసు. అది నీ ఇష్టం, చట్టం కూడా నీ వైపే ఉంది. నువ్వు దాచకూడనివాళ్లు వేరే ఉన్నారు. గ్యాస్ మాత్ర ఎవరిచ్చారు నీకు?

తమ్ముడు: గ్యాస్‌కి ఎవరివ్వాలి, మెడికల్ షాపువాడే. టిఫిన్ టైముకి టిఫిన్ ఉండదు, మధ్యాహ్నం బిర్యానీ. డైజీన్, జెలూసిల్ లేకుండా సెట్లో ఎవడున్నాడు?

అక్క: ఇదీ అసలు సంగతి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఆ గ్యాస్ మందులు కడుపులోనే డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుంటాయి. రక్తంలోకి సరిగ్గా ఎక్కనివ్వవు. నువ్వు రోజూ మాత్ర వేసుకున్నాననుకుంటావు, సగం వేసుకున్నట్టే. తప్పకపోతే ఈ మాత్ర గ్యాస్ మందుకి రెండు గంటలు ముందు, లేదా ఆరు గంటల తర్వాత వేసుకోవాలి. పాంటాప్రజోల్ లాంటివైతే ఈ గొడవ లేదు, కానీ అది కూడా అడిగి.

తమ్ముడు: ఇది నాకెవరూ చెప్పలేదు.

అక్క: చెప్పే ఉంటారు, కౌన్సెలర్ ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు చూస్తుంటే ఏం వినపడుతుంది? నేనూ అంతే. ఇంకా విను. ఐరన్, క్యాల్షియం, జింక్ ఉన్న బలం మాత్రలదీ ఇదే కథ. ఐరన్, క్యాల్షియం అయితే భోజనంతో పాటు ఈ మాత్రతో కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతో అయితే అదే రెండు గంటలు, ఆరు గంటలు. నడుం నొప్పికి ఏం వాడుతున్నావు?

తమ్ముడు: ఒక ఇంజక్షన్. లైట్లు ఎత్తీ ఎత్తీ… పేరు డైక్లో అని ఏదో.

అక్క: డైక్లోఫినాక్. టెనోఫోవిర్ కొంతమందికి కిడ్నీ మీద పడుతుంది. దాని మీద డైక్లోఫినాక్ పదే పదే వేస్తే, మే నెల ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే, కిడ్నీకి మూడు దెబ్బలు ఒకేసారి. పారాసిటమాల్‌తో సర్దుకో, తగ్గకపోతే డాక్టర్‌ని కలువు. క్రియాటినిన్ పరీక్ష ఎగ్గొట్టకు. ఫైటర్లు పాలల్లో కలుపుకునే క్రియాటిన్ పొడి కూడా ఆ పరీక్షలో అంకె పెంచుతుంది. డాక్టర్ కంగారుపడి మందు మార్చేస్తాడు. ఏం తింటున్నావో, ఏం తాగుతున్నావో చెప్పాలి.

తమ్ముడు: అన్నీ చెప్తే నేను పేషెంటునైపోతానక్కా. మనిషిగా ఉండను.

ఈ మాట దగ్గర నేను తమ్ముడి పక్కన కూర్చుంటాను. మన సినిమాల్లో ఈ జబ్బు వచ్చినవాడు ఒకటి చెడ్డవాడు, కాదంటే చచ్చిపోయేవాడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకుని పొద్దున బస్సెక్కి, కరెంటు తీగలు లాగి, ఆ రోజు భత్యం, అదే బేటా, తీసుకుని ఇంటికెళ్లే లైట్‌మన్ ఏ కథలోనూ లేడు. ఆ పాత్ర లేకపోవడం వల్ల జరిగే నష్టం ఆసుపత్రి లెక్కల్లో కనబడదు.

అక్క: నాకు షుగర్ వచ్చింది తెలుసుగా. ఆ డాక్టర్‌కి మొదటి రోజే చెప్పా, నేనీ మాత్ర మీదున్నానని. డోలుటెగ్రావిర్ వేసుకుంటే మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందంట, రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు దాటనివ్వలేదు. ఆయన నా వైపు వింతగా చూడలేదు. చీటీ రాసి, తర్వాతివాళ్లని పిలిచాడు. ఫిట్స్ మందులుంటాయి, కార్బమజెపిన్, ఫెనిటాయిన్, వాటితోనూ జాగ్రత్త. టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలెడితే డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు కావాలి. టీబీ డాక్టర్‌కి దాచావనుకో, రెండు జబ్బుల మందులూ పాడు. దగ్గు వస్తే రోజులు లెక్కపెట్టకుండా చూపించుకో.

తమ్ముడు: ఊళ్లో ఒకాయన ఆకు మందిస్తాడు. ఆరు నెలల్లో పూర్తిగా పోతుందని రాసిస్తానన్నాడు.

అక్క: ఎయిడ్స్‌ని నయం చేస్తామని చెప్పుకుని మందు అమ్మడం మన దేశంలో నిషేధం. రాసిస్తానన్నవాడిని రాయమను, ఆ కాగితమే చాలు వాడిని పట్టించడానికి.

తమ్ముడు: ఉచితంగా ఇచ్చేది తక్కువ రకమని కూడా అంటారు. పెద్దవాళ్లు విదేశం మందు వాడతారని…

అక్క: విదేశాలు మన మందు వాడుతున్నాయిరా! నువ్వు లైట్లు దించే బంగళా వెనకాలే ఆ కంపెనీ. ఆఫ్రికాలో లక్షలమంది మింగే మాత్రా, నీ చేతిలో మాత్రా ఒకే మూడు మందులు. ఊరికే ఇచ్చేదంటే మనకి చులకన.

తమ్ముడు: సరే, ఇంకొకటి అడుగుతా. వచ్చే నెల హీరోగారి పుట్టినరోజు. యూనిట్‌లో కుర్రాళ్లందరం రక్తం ఇవ్వాలి. చిరంజీవిగారు 1998లో ఇక్కడ బ్లడ్ బ్యాంకు పెట్టిన దగ్గర్నుంచీ మనవాళ్లలో అభిమానమంటే రక్తమే కదా. వైరల్ లోడ్ లేకపోతే అంటదని డాక్టరే చెప్పాడు. ఇచ్చేస్తే ఎవరికీ అనుమానం రాదు.

అక్క: వద్దు. దీనికి మాత్రం బేరం లేదు. ఆయన చెప్పింది భార్యాభర్తల సంగతి. యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనంలో వందల జంటల్ని ఏళ్లతరబడి చూశారు. మందు సరిగ్గా వాడి వైరల్ లోడ్ రెండొందల లోపున్నవాళ్ల నుంచి జోడీకి ఒక్కరికీ అంటలేదు. నీ పెళ్లానికి ధైర్యంగా చెప్పగలిగే మాట అది. రక్తం వేరు. 350 మిల్లీలీటర్లు నేరుగా ఇంకొకరి నరంలోకి పోతాయి. పైగా మందు వాడేవాడి రక్తం పరీక్షకి దొరక్కుండా జారిపోయే ప్రమాదముంది. అవతల పడుకున్నది ఏ బాలింతో.

తమ్ముడు: మరి క్యాంపులో ఏం చెప్పను? ‘నేనివ్వను’ అంటే అందరూ చూస్తారు.

అక్క: ఆ రోజు వెళ్లకు. వెళ్లక తప్పకపోతే ఫారం నింపే దగ్గర నర్సుతో పక్కకి తీసుకెళ్లి చెప్పు, ‘రోజూ మందు వాడుతున్నా, ఇవ్వకూడదు’ అని. రక్తం తక్కువనో, బీపీ అనో పంపించేవాళ్లు రోజూ ఉంటారు, నిన్నెవరూ వేలెత్తి చూపరు. పళ్లరసం పంచే పని నువ్వు తీసుకో.

తమ్ముడు: నువ్వు దేనికైనా జవాబు చెప్తావు. ఒక్కదానికి చెప్పు చూద్దాం. రేపు యూనిట్‌కి తెలిసిపోయింది. ఏం చేస్తావు?

అక్క: 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని పనిలోంచి తియ్యకూడదు, పనివ్వడానికి పరీక్ష చేయించుకోమనకూడదు, నీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు, పేరు అడగరు…

తమ్ముడు: నన్ను తియ్యరక్కా. తీస్తే కదా చట్టం! రేపటికి పిలవరు, అంతే. నేను ఏ కంపెనీలో ఉద్యోగిని? ఇవాళ ఒక బ్యానరు, రేపు ఇంకొకటి. ‘నీకు ఫోన్ చేస్తాలే’ అంటాడు, చెయ్యడు. ఏ కోర్టుకెళ్లి ఏం చెప్పను, ఫోన్ రాలేదనా?

అక్క: …నిజమే.

తమ్ముడు: సెంటర్‌కి వెళ్లాలన్నా పగలే వెళ్లాలి. పగలు పోతే ఆ రోజు కూలీ పోతుంది. ‘ఎక్కడికెళ్లావ్?’ అంటే ఏదో ఒక అబద్ధం. మూడుసార్లు అబద్ధం చెప్తే నాలుగోసారి ఇంకొకడిని పెట్టుకుంటారు. నాకు మాత్రలు తప్పేది ఇందుకే. బద్ధకం వల్ల కాదు.

అక్క: 2021లో వేసిన లెక్క ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో నూటికి 0.47 మందికి ఉంది, ఆంధ్రలో 0.67. రెండొందలమంది యూనిట్ అంటే సగటున ఒకరుంటారు. ఆ ఒకరితో నువ్వూ, నేనూ, పెద్దపెద్దవాళ్లూ ఎన్నాళ్ల నుంచో ఒకే క్యాన్‌లో టీ తాగుతున్నాం. ఈ సంగతి యూనియన్ మీటింగులో పేర్లు లేకుండా చెప్పొచ్చు. నేను చెప్తా.

తమ్ముడు: చెప్పు. నా పేరు మాత్రం…

అక్క: గ్యాస్ మందు సంగతి నువ్వు డాక్టర్‌కి చెప్పు. నీ పేరు నేనెవరికీ చెప్పను.

సంవాదం ఇంతటితో ఆపుతున్నాను. మందు గురించి తమ్ముడికి చెప్పాల్సినవన్నీ అక్క చెప్పింది. ‘పిలవరు’ అన్న మాటకి ఆమె దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు రాయడం నాకు అబద్ధమనిపించింది. ఆ జవాబు ఇవ్వగలిగింది ఇరవై నాలుగు క్రాఫ్టుల యూనియన్లూ, వాటి ఫెడరేషనే. బేటా ఎంత, ఓవర్‌టైమ్ ఎన్ని గంటల తర్వాత అని కాగితం మీద రాయించుకున్న సంఘాలవి. ఏ జబ్బున్న కార్మికుడికైనా, డయాలిసిస్ కావొచ్చు, టీబీ కావొచ్చు, ఇదీ కావొచ్చు, మూడు నెలలకొక పూట ఆసుపత్రి సెలవు, కారణం అడక్కుండా, మర్నాటి పిలుపు తెగకుండా. వచ్చే వేతన ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం చేర్పించమని ఫెడరేషన్ పెద్దలను అడుగుతున్నాను.